తువ్వాల వేసిన సీటు

మదనపల్లెలో టమోటా ధర పెరిగితే రైతు నవ్వుతాడు, పడిపోతే ఊరంతా టమోటా పప్పు తింటుంది. ఆ ఎండాకాలం ధర పడిపోయింది. మా ఇంట్లో పొద్దున దోసెల్లోకి టమోటా ఊరిబిండి, మధ్యాహ్నం టమోటా పప్పు, రాత్రికి టమోటా చారు. మా అత్తతో ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు, ఆమె చేత సూదులు వేయించుకున్నవాళ్లు, ఆమె చేతుల్లో పుట్టిన పిల్లల అమ్మలు, ఎవరో ఒకరు రోజూ బుట్టెడు తెచ్చి గుమ్మంలో దించిపోయేవాళ్లు. వద్దనడం అత్తకు చేతకాదు. ఆమె గట్టిగా వద్దన్నది పెళ్లిని ఒక్కదాన్నే.

అత్త అంటే మా నాన్న చెల్లెలు, ఎలిజబెత్. మిషన్ ఆసుపత్రిలో నర్సు. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది ఆమే. వచ్చిన ప్రతి సంబంధాన్నీ "పాప సదువు కానీండి" అంటూ సాగనంపింది. పాప చదువు అయిపోయింది. పాపకు ఉద్యోగమూ వచ్చింది. బెంగళూరు కంపెనీకి వెబ్ పేజీలు తయారుచేసే పని, మదనపల్లెలో మంచం మీద కూర్చునే చేసుకుంటోంది. ఈలోగా అత్తకు యాభై దాటింది, సంబంధాలు రావడం మానేశాయి. అత్త నవ్విందంటే పక్కింటి కోళ్లు కూడా తలెత్తి చూస్తాయి. అలాంటి నవ్వు వినడానికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉండడం నాకు అన్యాయంగా తోచేది. ఆమెకంటూ ఒక మనిషి ఉంటే ఎంత బాగుండునో అని లోలోపల తెగ కోరిక. ఆ మాట ఎత్తితే మాత్రం చేతిలో ఉన్న గరిటె నా వైపు తిరిగేది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా పాస్టరు విల్సన్ అయ్యగారు వచ్చారు. కాఫీ చల్లారేదాకా అవీ ఇవీ మాట్లాడి అసలు సంగతికి వచ్చారు.

"మదనపల్లెలో ఉండారు, పుంగనూరులో ఉండారు, కుప్పంలో ఉండారు. మూడూళ్ల సంఘాల్లోనూ పెండ్లీడు బిడ్డలు ఉండారు తల్లీ. ఒగరి సంగతి ఒగరికి తెలీదు. నువ్వు ఫోన్లో సూసుకునేట్టు ఏదన్నా చేసియ్యల్ల. ఎవురి వివరం వాళ్లే రాసుకుంటారు."

"చేసిస్తాది," అని నా తరఫున అత్తే మాటిచ్చేసింది. "మొదటి పేరు మాత్రం దీనిదే ఎక్కించల్ల అయ్యగారూ."

మొదటి పేరు ఎక్కించాను. అది నాది కాదు. పేజీ ఎలా కనబడుతుందో చూసుకోవడానికి ఒక నమూనా కావాలి కదా. పేరు ఎలిజబెత్. ఊరు మదనపల్లె. ఫొటో, ఆసుపత్రి క్రిస్మస్ వేడుకలో ఎవరో తీసినది, తెల్ల చీరలో పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నది. కింద గడులన్నీ ఖాళీ. పని అయిపోగానే తీసేద్దామనే అనుకున్నాను. అందులో సగమే నిజం.

ఆ గడుల సంగతి కొంచెం చెప్పాలి. పేజీలో ఎక్కడ వేలు పెడితే అక్కడే రాసుకునేలా చేశాను. ఖాళీ గడిలో ఏం రాయాలో తెలియడానికి లేత బూడిదరంగులో ఒక మాట కనబడుతూ ఉంటుంది. మనం మొదటి అక్షరం కొట్టగానే అది తనంతట తానే తప్పుకుంటుంది. మా పనిలో దాన్ని ప్లేస్‌హోల్డర్ అంటారు. మనిషి వచ్చేదాకా చోటు పట్టి ఉంచే మాట అన్నమాట. నేను ప్రతి గడిలోనూ "అభ్యర్థి తమ గుణగణములను ఇచ్చట నమోదు చేయగలరు" వంటివి రాసిపెట్టాను. ఇంత మంచి తెలుగు మదనపల్లెలో ఇంకెవరికి వస్తుందని మురిసిపోతూ మరీ రాశాను.

దాన్ని అందరికీ చూపించడానికి ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ అత్తా పుంగనూరు బయల్దేరాం.

బస్టాండులో పుంగనూరు మీదుగా పోయే కుప్పం బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లూ సంచులూ లోపలికి ఎగిరాయి. మేము ఎక్కేసరికి అన్నీ నిండిపోయి ఒక్కటే మిగిలింది. కిటికీ పక్క సీటు. దాని మీద ఎర్రగళ్ల తువ్వాల పరిచి ఉంది. కిటికీ గాలి తగలకపోతే అత్తకు కడుపులో తిప్పుతుంది, అయినా ఆమె ఆ సీటు వైపు చూడనైనా చూడలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, సంచిలోంచి నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

బస్సు కదిలింది. తువ్వాల మనిషి రాలేదు. టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు ఆగి ఆ సీటును చూశాడు. నెరిసిన మీసం, ఖాకీ చొక్కా జేబులో రెండు పెన్నులు.

"ఎవురిదప్పా ఈ తువ్వాల?" అని బస్సంతా వినబడేలా అడిగాడు. ఎవరూ పలకలేదు. "ఎవురిదమ్మా?" అని ఆడవాళ్ల వైపు తిరిగి అడిగాడు. మూడోసారి అడిగి, తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. "ఎవురిదీ కాదమ్మా. కూసో."

"వచ్చేస్తాడేమోలేప్పా," అంది అత్త. "నమ్మకంతో ఏసి పోయుంటాడు, పాపం."

"బస్సు పోతాండాది కదమ్మా, ఇంగ యాడొస్తాడు?"

"ముందు స్టాపులో ఎక్కినా ఎక్కుతాడు. ఏసెయ్‌ప్పా ఆడనే."

కండక్టరు ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, తువ్వాలను మళ్లీ సీటు మీద పరిచాడు. ఆ తర్వాత ఎవరు కూర్చోబోయినా అత్తే అడ్డుపడింది. పుంగనూరు వచ్చేదాకా ఆమె నిమ్మకాయతో నిలబడే వచ్చింది, ఆమె పక్కన నేనూ నిలబడాల్సి వచ్చింది. తువ్వాల మాత్రం టిక్కెట్టు లేకుండా కిటికీ గాలి పీలుస్తూ హాయిగా వచ్చింది. మేము దిగుతుంటే కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి అత్తనే చూస్తున్నాడు. ఆమెకు తల తిరుగుతూ ఉంది, గమనించలేదు.

పుంగనూరు చర్చిలో బెంచీలన్నీ నిండాయి. అందరికీ పేజీ పంపాను. అందరూ తెరిచారు, చూశారు, ఫోన్లు ఒళ్లో పెట్టుకుని నన్ను చూశారు. ఎవరి వేలూ కదల్లేదు.

"రాయండమ్మా," అన్నాను.

మేరీ కాంతమ్మ అని, పాలు పోసే ఆమె, పెళ్లి కావాల్సిన కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఉంది. ఆమే అందరి తరఫునా మాట్లాడింది. "ఆడ ఎవురో ముందే రాసి పెట్టుండారు కదమ్మా. మా వోడి గడిలో వేరేవాళ్ల రాత యాల ఉండాది?"

"అది ఎవరిదీ కాదమ్మా. మీరు రాస్తే అదే పోతాది."

"ఎవురిదీ కానప్పుడు యాల ఉండాది? పెద్ద సదువుకున్నోళ్లు రాసినట్టుండాది. దాన్ని చెరిపి మేం రాస్తే బాగుంటాదా?"

బెంచీలన్నీ తల ఊపాయి. నేను ఎంత చెప్పినా ఆ ఊపు ఆగలేదు. చివరికి కాంతమ్మ నన్ను ఓదార్చి, చెంబెడు మజ్జిగ తాగించి పంపింది.

ఇంటికొచ్చి అన్నంలో టమోటా పప్పు కలుపుకుంటూ అత్త నవ్వడం మొదలుపెట్టింది. ఒకసారి మొదలైతే ఆగేది కాదు.

"నీ బూడిద మాట ఎట్లుండాదో తెలుసా షైనీ? బస్సులో తువ్వాల ఏసినట్టుండాది. సూస్తానే మనిషి పక్కకు తప్పుకుంటాడు."

"నువ్వూ తప్పుకున్నావు కదత్తా, పుంగనూరు దాకా."

"అందుకే సెప్తాండా. తప్పుకునేవాళ్ల సంగతి తప్పుకునేవాళ్లకే తెలుస్తాది."

మర్నాడు ఆసుపత్రికి అత్తకు అన్నం క్యారియర్ తీసుకుపోయాను. ఆడవాళ్ల వార్డులో ఒక మంచం దగ్గర నిలబడి ఉంది. మంచం మీద ఉన్నావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉలకదు, పలకదు. అత్త ఆమె దిండు సర్దుతూ అంటోంది. "రాత్రి నిద్ర పట్టిందామ్మా? పట్టకుంటే పట్టలేదనే సెప్పు, నిన్నేం కొట్టను. ఇంగా ఏమన్నా ఉండాదా మనసులో? నిదానంగా సెప్పు. నేను యాడికీ పోను." గోడవైపు తిరిగినావిడ మెల్లగా ఇటు తిరిగింది. తిరిగి, మాట్లాడడం మొదలుపెట్టి, నా క్యారియర్‌లో పప్పు చల్లారేదాకా ఆపలేదు.

నేను అక్కడే మెట్ల మీద కూర్చుని అత్త మాటలన్నీ ఫోన్లోకి ఎక్కించుకున్నాను. సాయంత్రానికల్లా పేజీలో గుణగణములు పోయాయి, అభ్యర్థి పోయాడు. పేరు గడిలో బూడిదరంగులో, "నీ పేరేమప్పా? ఇంట్లో పిలిచేది కూడా సెప్పు." వంట గడిలో, "వంట వస్తాదా? రాకుంటే రాదనే రాయి, నిన్నేం కొట్టను." దాని కింద, "కోపమొస్తే అరుస్తావా, అలుగుతావా?" అన్నిటికన్నా కింద, పెద్ద గడిలో, "ఇంగా ఏమన్నా ఉండాదా మనసులో? నిదానంగా సెప్పు. నేను యాడికీ పోను."

విల్సన్ అయ్యగారు చూసి నుదురు రుద్దుకున్నారు. "సంఘం పేజీలో 'కొట్టను' అని ఉండొచ్చా తల్లీ?"

"కొడతాననైతే లేదు కదా అయ్యగారూ," అన్నాను. ఆయనకు నవ్వొచ్చి ఊరుకున్నారు.

జనం రాశారు. ఎలా రాశారంటే, నేను కంపెనీ పని పక్కన పెట్టి అవే చదువుకుంటూ కూర్చునేదాన్ని. కురబలకోట నుంచి ఒకతను, "వంట రాదు. గొర్రెలు మేపడం వచ్చు. వాటికి వంట అక్కరలేదు" అని రాశాడు. వి.కోట అమ్మాయి ఒకతె, "అలుగుతా. వేయించిన చెనిక్కాయలు పొట్లం తెచ్చిస్తే మానుకుంటా" అంది. కాంతమ్మ కొడుకు పెద్ద గడిలో, "మా అమ్మ పక్కనే కూసోనుండాది, ఇంగేం రాసేది?" అని మాత్రం రాసి వదిలేశాడు. ఆ ఒక్క మాట చూసే ఒక సంబంధం వచ్చింది, తల్లికి భయపడే కొడుకు కావాలని. మే నెల పోయేలోగా మా మూడు సంఘాల్లో రెండు నిశ్చితార్థాలు అయ్యాయి. అయ్యగారు ఎక్కడ కనబడినా నాకు రెండు చేతులెత్తి వందనాలు చెప్పడం మొదలుపెట్టారు. అత్త మాత్రం, నా వివరం ఆ పేజీలో ఇంకా ఎందుకు లేదని రోజూ అడిగేది. టెస్టింగ్‌లో ఉందని చెప్పేదాన్ని.

జూన్ మొదట్లో కాంతమ్మ ఫోన్ చేసింది. "మా వోడు రాసింది చెరిపేసినాడమ్మా, బాగా రాద్దామని. చెరిపితే ఆ పలకరించే మాట మళ్లా రాలేదే? ఉత్త గడి ఉండాది. అదుంటేనే వాడికి రాయబుద్ధయ్యేది."

చూశాను. నిజమే. గడిలో రాసినదంతా చెరిపేసినా బ్రౌజర్ ఒక కనబడని లైను బ్రేకును, అంటే కొత్త వరుస గుర్తును, లోపలే వదిలేస్తుంది. కంటికి గడి ఖాళీ, లెక్కకు మాత్రం ఖాళీ కాదు, అందుకే బూడిద మాట తిరిగి రాదు. ఒక్క లైను కోడుతో పోయే తప్పు. ఎన్ని పేజీల్లో ఇలా ఉందో చూద్దామని ఒక్కొక్కటే తెరుస్తుంటే అత్త పేరు మీదున్న నమూనా వచ్చింది. దాన్ని తీసేయడమే కాదు, తాళం వేయడం కూడా మరచిపోయాను. అంటే దారిన పోయే ఎవరైనా వచ్చి అందులో రాయవచ్చు.

వచ్చి రాశారు. గడులన్నీ నిండి ఉన్నాయి.

పేరు గడిలో, "శాలేము రాజు. ఇంట్లో రాజన్న. బస్సులో 'ఓ కండక్టరూ'." వంట గడిలో, "వస్తాదమ్మా. మా ఆమె పోయినప్పుడు నేర్చుకుంటి. నేను గెలికితే సంగటి ఉండ కట్టదు. టమోటా పప్పు మాత్రం ఈ యేటికి ఇంగ చాలు." కోపం గడిలో, "బస్సులో అరుస్తా. ఇంట్లో ఎవురుండారని అరిసేది?"

అన్నిటికన్నా కింద పెద్ద గడి నిండిపోయి ఉంది.

"ఉండాదమ్మా. మా అన్న కూతురు రెజీనా వివరం ఈ పేజీలో ఉండాది. దానికి సంబంధం సూస్తా సూస్తా మీ ఫొటో సూసినా. తువ్వాల ఏసిన సీటు పక్కన పుంగనూరు దాకా నిలబడిన అమ్మ మీరే. ఈ దారిలో ముసలోణ్ణి అయిపోతాండా, తువ్వాల తీసి పారేసి కూసునేవాళ్లను సూసినా, తువ్వాల కోసం జుట్లు పట్టుకునేవాళ్లను సూసినా. మనిషి లేకున్నా తువ్వాలకు మర్యాద ఇచ్చిన మనిషిని మిమ్మల్నే సూసినా. ఆ తువ్వాల కోసం ఎవురూ రాలేదు. ఉతికి నా దగ్గరే పెట్టుకుంటి. మీరింత బాగా అడిగినారు కాబట్టి ఇంత రాసినా. యాడికీ పోను అన్నారు సూడండి, ఆ మాట నాతో ఎవురన్నా అని శానా కాలమైపోయె. తప్పుంటే చెరిపేయండి."

ఆయన బూడిద మాటల్ని అత్త మాటలే అనుకున్నాడు. నిజానికి అవి అత్త మాటలే. మూడూళ్లకు కనబడే చోట అత్త పేరు పెట్టానని తెలిస్తే గరిటె ఎంత దూరం వస్తుందో నాకు తెలుసు. అయినా ఈ రాత ఆమెకు చూపించకుండా ఉండడం నా వల్ల కాలేదు.

డ్యూటీ దిగి వచ్చి, అత్త వరండాలో కాళ్లు చాపుకుని కొత్తిమీర గిల్లుతోంది. ఫోన్ చేతికిచ్చి రెండడుగులు వెనక్కి జరిగాను.

చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఈయన్ను అడిగినానా? యాడికీ పోనని ఎప్పుడు సెప్పినా?"

"రోజుకు పదిమందికి సెప్తాండావు కదత్తా."

"అది ఒళ్లు బాగలేనోళ్లకే." మళ్లీ ఫోన్లోకి చూసి, టమోటా పప్పు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదవి వణికింది. నవ్వు వచ్చేస్తోందని నాకు తెలిసింది, నాకు తెలిసిందని ఆమెకూ తెలిసి మొహం అటు తిప్పేసుకుంది. "యాభై దాటినంక ఈ ఆటలేందే? నా ఫొటో ఈడికి ఎట్ల వచ్చిందో తరవాత మాట్లాడుకుందాం. చెరిపేయమన్నాడు కదా ఆయనే. యాడ నొక్కల్ల?"

చూపించాను. అంతా ఒకేసారి చెరపడం ఆమెకు రాదు, నేను చెప్పనూ లేదు. పెద్ద గడిలో చివరి మాట నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరమే చెరుపుతూ వెనక్కి వచ్చింది. చెరిపే ప్రతి మాటనూ మరోసారి చదవాల్సి వచ్చింది. తువ్వాల దగ్గరికి వచ్చేసరికి వేలు కాస్త ఆగింది, మళ్లీ కదిలింది. పెద్ద గడి ఒక్కటే చెరిపి ఫోన్ కింద పెట్టింది.

"మిగతావి?"

"ఉండనీలే. సంగటి సంగతి కదా, దాంట్లో ఏం తప్పుండాది?" అని, మళ్లీ ఫోన్ వైపు వంగి చూసింది. "ఏమే, నీ బూడిద మాట మళ్లా రాలేదే?"

"రాదత్తా. దాన్ని నేను సరిచెయ్యల్ల."

"మరి ఇప్పుడు ఆడ ఏముండాది?"

"ఏమీ లేదు. ఖాళీ."

అత్త ఆ ఖాళీ గడిని కొంచెంసేపు చూసి, గిల్లిన కొత్తిమీరను మళ్లీ గిల్లడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆ ఒక్క లైనూ రాశాను. మూడూళ్ల పేజీల్లోనూ పలకరింపు తిరిగి వచ్చింది, కాంతమ్మ కొడుకు గడితో సహా. ఒక్క పేజీని మాత్రం వదిలేశాను. దానికి తాళమూ వేయలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఏమీ జరగలేదు. అంటే, అత్త "ఆ కాంతమ్మ కొడుకు సంబంధం ఏమైందో సూస్తా, ఫోనియ్యి" అనడం తప్ప ఏమీ జరగలేదు. ఫోన్ ఇస్తే ఆమె వేలు కాంతమ్మ కొడుకు మీదుగా జారిపోయి ఎక్కడ ఆగేదో నేను చూడనట్టే చూసేదాన్ని. చూసి, పెదవి విరిచి తిరిగి ఇచ్చేసేది. ఒకరోజు చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. నాకు మాత్రం ఆ చారు రుచిగానే అనిపించింది. ఇంకోరోజు బజారుకని బయల్దేరి, బస్టాండు చుట్టూ తిరిగి, ఏమీ కొనకుండా వచ్చింది. ఎండకు దారి తప్పానంది. మదనపల్లెలో పుట్టిన మనిషి.

మొదటి వాన పడిన సాయంత్రం టమోటా ధర లేచిందని వీధిలో ఎవరో అరుచుకుంటూ పోయారు. నేను వంటింట్లో పొయ్యి దగ్గర ఉన్నాను. అత్త ఫోన్ పట్టుకుని గుమ్మంలో వచ్చి నిలబడింది. ఫోన్ నా కళ్ల ముందు పెట్టింది. ఖాళీగా ఉన్న పెద్ద గడిలో కొత్తగా ఒక మాట ఉంది.

"బూడిద తువ్వాల కూడా తీసేసినట్టుండారు. ఎవురన్నా వస్తారా అమ్మా, కూసోవచ్చునా?"

నేను తీసింది కాదు, అత్త తీసింది కాదు. బ్రౌజర్ వదిలేసిన లైను బ్రేకు పుణ్యమా అని ఆ గడి ఉత్తగా ఉండిపోయింది. కుప్పంలో ఒక మనిషి దాన్ని చూసి సీటు ఖాళీ అయిందనుకున్నాడు. ఆ సంగతి అత్తకు చెప్పాలా అని ఆలోచించాను. చెప్పలేదు.

"ఈడ రాస్తే ఆయనకు కనపడతాదా?" అంది అత్త.

"కనపడతాది."

"అందురికీ కనపడతాదా?"

"కనపడతాది. ముందు తాళం ఏసేదా?"

అత్త తలుపు అంచు పట్టుకుని ఆలోచించింది. బస్సులో కమ్మీ పట్టుకున్నట్టే పట్టుకుంది. "రాయనీలే ముందు," అంది.

నేను పొయ్యి వైపు తిరిగి చారు కలిపాను. కలపాల్సినదానికన్నా ఎక్కువే కలిపాను. వెనక ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటున్న చప్పుడు, మధ్యలో వాన. కాసేపటికి ఫోన్ గట్టు మీద పెట్టి, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ వరండాలోకి పోయింది. అప్పుడు తీసి చూశాను.

"ఎవురూ రారు. కూసోండి. కిటికీ పక్క మాత్రం నాది."

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఎర్రగడ్డల వల్ల అని అనుకోవడానికి ఆ రోజు చారులో ఎర్రగడ్డలు కూడా వేయలేదు. ఆ పేజీకి అప్పుడు తాళం వేశాను.

పెళ్లికి ముందు మా సంఘాల్లో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా ఆయనకూ ఫలానా ఆమెకూ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, అని. విల్సన్ అయ్యగారు అత్త పేరూ రాజన్న పేరూ మదనపల్లెలో చదివిన రోజే కుప్పంలో అక్కడి అయ్యగారూ చదివారు. మొదటి ఆదివారం ఎవరూ పలకలేదు. రెండో ఆదివారం కూడా పలకలేదు. మూడోసారి అయ్యగారు కళ్లజోడు పైకి తోసుకుని గట్టిగా అడుగుతుంటే నాకు బస్సులో కండక్టరు గుర్తొచ్చాడు, ఎవురిదప్పా ఈ తువ్వాల, అని. పక్కనున్న అత్తను చూశాను. ఆమె తల దించుకుని పాటల పుస్తకంలో మొహం దాచుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఆమెకూ అదే గుర్తొచ్చింది. చర్చి అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అత్త నవ్వు బయటపడింది, బెంచీలన్నీ వెనక్కి తిరిగి చూశాయి.

ఆ వారమే కుప్పంలో రాజన్న ఇంటికి భోజనానికి బయల్దేరాం. తన డ్యూటీ బస్సులోనే రమ్మన్నాడు, దిగాక సంగటి తానే గెలుకుతానన్నాడు. మదనపల్లె బస్టాండులో మామూలుగానే కిటికీల్లోంచి తువ్వాళ్లూ సంచులూ ఎగిరాయి. మేము ఎక్కేసరికి అన్నీ నిండిపోయి ఒక్కటే మిగిలింది. కిటికీ పక్క సీటు. దాని మీద ఉతికి మడత పెట్టిన ఎర్రగళ్ల తువ్వాల. రాజన్న ఫుట్‌బోర్డు దగ్గర అటు తిరిగి నిలబడి, ఎవరికో ఎంతో శ్రద్ధగా చిల్లర ఇస్తున్నాడు.

అత్త ఈసారి కమ్మీ పట్టుకోలేదు. తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.